యూదుల ఇంటి కోడలు కాబోతున్న తెలుగమ్మాయికి: పిల్లలు, పెళ్ళి, వంటిల్లు, పండగలు

చెల్లీ, నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. నీది గుంటూరు, ఉద్యోగం న్యూజెర్సీలో, నువ్వు పెళ్ళి చేసుకోబోయే అబ్బాయిది అష్కనాజీ (మధ్య, తూర్పు యూరప్ నుంచి వచ్చిన) యూదుల కుటుంబం, చిన్నప్పుడు కన్సర్వేటివ్ అనే శాఖ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) పెరిగాడు, ఇప్పుడు పెద్ద పండగలకి తప్ప వెళ్ళడు. కాబోయే అత్తగారు నీతో బాగానే ఉంటుంది కానీ "పిల్లల్ని ఏ పద్ధతిలో పెంచుతారు" అని సూటిగా అడిగేసరికి నీకు భయమేసింది. మీ నాన్నగారేమో నిన్ను మతం మార్చేస్తారేమో అని దిగులు పడుతున్నారు. రెండు పద్ధతుల్లో పెళ్ళి కుదురుతుందా, ఇంట్లో దేవుడి గూడు పెట్టుకోవచ్చా, వంట సంగతేంటి, ఇవీ నీ ప్రశ్నలు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ యూదుల కుటుంబంలో కోడలినయ్యి ఇరవై ఏళ్ళు దాటింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మా సినగాగ్‌లో ఇలాంటి జంటల కోసం పెట్టిన గ్రూప్‌లో కూడా చాలాకాలంగా పని చేస్తున్నా, కాబట్టి దగ్గర్నుంచి చూసిన విషయాలే రాస్తున్నా.

అన్నిటికంటే ముందు పిల్లల సంగతి తేల్చుకోండి. పెళ్ళి ఏ పద్ధతిలో చేసుకున్నా అది ఒక రోజుతో అయిపోతుంది, పూజగది గురించి మాట్లాడుకుంటే ఒక సాయంత్రంలో తెగిపోతుంది, పిల్లల విషయం మాత్రం "పుట్టాక చూద్దాంలే" అని వదిలేసిన ప్రతి జంటా నేను చూసినంతవరకు బాగా ఇబ్బంది పడ్డారు. ఎందుకంటే మగపిల్లాడు పుడితే ఎనిమిదో రోజుకే, సున్తీ గురించి, మొదటి నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది, అప్పటికి నీకు సరిగ్గా నిద్ర కూడా ఉండదు.

మీ అత్తగారు ఎందుకలా అడిగిందో కాస్త ఆవిడ వైపు నుంచి చూడు. ప్రపంచం మొత్తం మీద యూదులు కోటీ అరవై లక్షల లోపే ఉంటారు. మన తెలుగు మాట్లాడేవాళ్ళే 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల పైన. 1939లో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, యూదులు కోటీ అరవై ఆరు లక్షల దాకా ఉండేవాళ్ళని లెక్క, అరవై లక్షల మందిని నాజీలు చంపేశాక ఇన్ని దశాబ్దాలు గడిచినా ఆ సంఖ్య ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. అష్కనాజీ కుటుంబం అంటే ఆవిడ తాతల తరంలో పోలండ్‌లోనో ఉక్రెయిన్‌లోనో లిథువేనియాలోనో మిగలకుండా పోయినవాళ్ళు ఉండే అవకాశం చాలా ఎక్కువ. అలాంటావిడ "పిల్లలు ఎలా పెరుగుతారు" అంటే నిన్ను తక్కువ చేసినట్టు కాదు, మా గొలుసు ఇక్కడ తెగుతుందా కొనసాగుతుందా అని అడుగుతోంది. ఇది అర్థమయ్యాక నాకు మా అత్తగారితో మాట్లాడటం చాలా తేలికయింది.

నాన్నగారికి ఈ మాట చెప్పు: యూదులు వేరేవాళ్ళని తమ మతంలోకి రమ్మని తిరిగే మనుషులు కాదు. అసలు మారతానని మనంతట మనం వెళ్ళినా రబ్బీ (యూదు మతగురువు) మూడుసార్లు వెనక్కి పంపాలని ఒక పాత ఆచారమే ఉంది. మారాలనుకుంటే దాదాపు ఏడాది చదువు, ముగ్గురు కూర్చునే బేత్ దీన్ అనే మత న్యాయసభ ముందు ప్రశ్నలు, తర్వాత మిక్వా అనే పుణ్యస్నానపు కొలనులో మునక, ఇవన్నీ ఉంటాయి, ఊరికే పెళ్ళి కోసం మారతాననే వాళ్ళని మంచి రబ్బీలు తొందరపెట్టరు. మన పెద్దవాళ్ళకి యూదులంటే బైబిల్లో విన్న మాటే కాబట్టి క్రైస్తవుల్లో ఒక రకం అనుకుంటారు, కాదు, వాళ్ళ నమ్మకంలో ఏసుక్రీస్తు లేడు, వాళ్ళ గ్రంథం తోరా. మీ గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తెలుగు మాట్లాడే చిన్న సమాజం ఉంది, షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) పాటిస్తారు, ఊళ్ళోనే సినగాగ్ పెట్టుకున్నారు. నాన్నగారికి ఇది తెలిస్తే యూదులంటే ఎక్కడో తెలియని మనుషులన్న భయం కొంత తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. పాత యూదు ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. కఠినంగా ఉండే ఆర్థడాక్స్, మధ్యస్థంగా ఉండే కన్సర్వేటివ్ రెండు శాఖలూ ఇప్పటికీ అదే అంటాయి. అమెరికాలో సడలింపు ఎక్కువగా ఉండే రిఫార్మ్ శాఖ రబ్బీలు 1983లో తల్లిదండ్రుల్లో ఎవరు యూదు అయినా సరే, బిడ్డని యూదుగా పెంచి, పేరు పెట్టడం, చదువు, బార్ మిట్జ్వా (పదమూడేళ్ళకి చేసే మతపరమైన వేడుక) లాంటివి నలుగురి ముందు చేస్తే యూదుగానే ఒప్పుకుంటాం అని తీర్మానం చేశారు, రీకన్‌స్ట్రక్షనిస్ట్ శాఖ అంతకంటే ముందే ఆ దారిలో ఉంది. అంటే నువ్వు మారకపోతే నీ పిల్లలు ఒక సినగాగ్‌లో యూదులు, అదే వీధిలో ఇంకో సినగాగ్‌లో కాదు. ఇది వినడానికి బాధగా ఉంటుంది, కానీ ముందే తెలుసుకోవడం మంచిది, లేకపోతే నీ కొడుకు కాలేజీలో ఎవరో "మీ అమ్మ హిందువు కదా, నువ్వు యూదువి ఎలా అవుతావ్" అన్న రోజు వాడికి మొదటిసారి తెలుస్తుంది. ఇజ్రాయెల్ చట్టం ఇంకో రకం, 1970 సవరణ తర్వాత యూదుల జీవిత భాగస్వాములకీ, పిల్లలకీ, మనవలకీ కూడా అక్కడికి వచ్చి పౌరులయ్యే హక్కు ఉంది, అయినా పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి అక్కడి రబ్బీల వ్యవస్థ పాత ధర్మాన్నే చూస్తుంది.

మీ ఆయన ఇంటివాళ్ళు కన్సర్వేటివ్ కాబట్టి అత్తగారు ఒక మాట తప్పకుండా ఎత్తుతుంది: నువ్వు మారకపోయినా బిడ్డని చిన్నప్పుడే మిక్వాలో ముంచి మార్చొచ్చు కదా అని. అది నిజంగా ఉన్న పద్ధతే, పసిబిడ్డగా చేస్తారు, పెద్దయ్యాక వద్దనుకునే హక్కు బిడ్డకి ఉంటుంది. నేను చెయ్యమనీ వద్దనీ అనను. నీకు ఇది మింగుడు పడుతుందా లేదా అన్నది నీ మనసుకే తెలియాలి, కానీ అలాంటిది ఒకటి ఉందని తెలియక, డెలివరీ రూమ్ బయట మొదటిసారి విని గొడవపడిన వాళ్ళని చూశా కాబట్టి చెప్తున్నా.

నువ్వు ఒంటరిదానివేం కాదు కూడా. 2020లో ప్యూ రీసెర్చ్ వాళ్ళు చేసిన సర్వేలో 2010 తర్వాత పెళ్ళి చేసుకున్న అమెరికా యూదుల్లో 61 శాతం మంది యూదులు కానివాళ్ళనే చేసుకున్నారు, ఆర్థడాక్స్ వాళ్ళని పక్కన పెడితే 72 శాతం. కాబట్టి ఏ రిఫార్మ్ సినగాగ్‌కి వెళ్ళినా నీలాంటి జంటలు చాలామంది కనపడతారు. ఎయిటీన్ డోర్స్ అని ఒక సంస్థ ఉంది, ఇంతకుముందు ఇంటర్‌ఫెయిత్ ఫ్యామిలీ అనేవాళ్ళు, రెండు మతాల పెళ్ళి చేసే రబ్బీలు మీ ఊరి దగ్గర ఎవరున్నారో వాళ్ళు చెప్తారు.

"రెండూ నేర్పిస్తాం అక్కా" అని నువ్వు రాశావ్. దీనిమీద నా అభిప్రాయం కొంచెం గట్టిగా ఉంటుంది, ఏమనుకోకు. రెండూ అని చెప్పి ఏదీ చెయ్యని ఇళ్ళే ఎక్కువ. ఆదివారం పొద్దున యూదు మతం నేర్పే హీబ్రూ స్కూలూ ఆదివారమే హిందూ పిల్లల బాలవిహారూ, రెండిట్లో ఒకటి మానేస్తారు, తర్వాత సాకర్ వస్తుంది రెండోది కూడా మానేస్తారు, చివరికి పిల్లాడికి హనుక్కా కానుకలూ దీపావళి టపాసులూ తప్ప ఏమీ తెలియదు. పైగా చాలా రిఫార్మ్ సినగాగ్‌లలో హీబ్రూ స్కూల్లో చేర్చుకోవాలంటే బిడ్డకి వేరే మతం చదువు పద్ధతిగా నేర్పించడం లేదని చెప్పమంటారు, చేరేముందే అడిగి తెలుసుకో. నేను చెప్పేది ఏంటంటే, పద్ధతిగా నేర్పే చదువు ఒకటే పెట్టుకోండి, అది ఏదైనా సరే ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది అయ్యుండాలి. అది యూదు చదువు అయితే నీవైపు నుంచి వచ్చేది ఇంటి అలవాటుగా, అమ్మమ్మ తాతయ్యల ప్రేమగా, తెలుగు భాషగా వస్తుంది, అదేం తక్కువ కాదు. మా పిల్లలు బార్ మిట్జ్వా, బాత్ మిట్జ్వా చేసుకున్నవాళ్ళే, ఇద్దరూ మా అమ్మతో తెలుగులోనే మాట్లాడతారు, పోతన భాగవతంలో గజేంద్ర మోక్షం పద్యాలు కూడా వచ్చు. ఇద్దరికీ ఎప్పుడూ గందరగోళం రాలేదు, వాళ్ళు ఎవరో మేము చిన్నప్పుడే తేల్చి చెప్పాం కాబట్టి.

ఇక పూజగది. ఇది దాచిపెట్టి మాట్లాడకూడదు, ఎందుకంటే యూదు మతంలో అన్నిటికంటే కఠినమైన నిషేధం విగ్రహారాధన మీదే, పది ఆజ్ఞల్లోనే ఉంది. మన తిరుమలకీ దీనికీ సంబంధం ఉన్న ఒక సంగతి చెప్తా. 2004లో జెరూసలేంలో రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ గారు తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలతో చేసిన విగ్గులు విగ్రహారాధనకి సంబంధించినవి కాబట్టి వాడకూడదని తీర్పు ఇచ్చారు. పెళ్ళయిన ఆర్థడాక్స్ స్త్రీలు జుట్టు కప్పుకోవడానికి విగ్గు పెట్టుకుంటారు, ఆ తీర్పు రాగానే బ్రూక్లిన్‌లోనూ జెరూసలేంలోనూ ఖరీదైన విగ్గులు వీధుల్లో తగలబెట్టారు. మన మొక్కు వాళ్ళకి అలా కనపడింది. ఆ తర్వాత 2007లో ఢిల్లీలో, 2008లో జెరూసలేంలో హిందూ ఆచార్యులూ ఇజ్రాయెల్ చీఫ్ రబ్బీ తరఫువాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నారు, స్వామి దయానంద సరస్వతి గారు మన వైపు ముఖ్యులు. 2008 ప్రకటనలో హిందువులు కొలిచేది ఒక్క పరమాత్మనే, సాకారంగానూ నిరాకారంగానూ, అని రాసుకున్నారు. అంతమాత్రాన ఆర్థడాక్స్ ఇళ్ళలో అందరూ ఒప్పేసుకున్నారని కాదు. మీ ఆయన ఇంటివాళ్ళు అంత కఠినంగా ఉండరనుకుంటున్నా, అయినా అడుగు. నీ దేవుడి గూడు నీది, దాన్ని అలమరాలో దాచుకుని బతకాల్సిన పని లేదు. కానీ షబ్బాత్ భోజనం చేసే గదిలో కాకుండా వేరే గదిలో పెట్టుకుంటే ఆయన వైపు పెద్దవాళ్ళు ఇబ్బంది లేకుండా కూర్చుంటారు. ప్రసాదం కూడా చేతిలో పెట్టేసి తినమనకు, దేవుడికి పెట్టింది అని చెప్పు, తినాలో వద్దో వాళ్ళిష్టం.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు: స్వస్తిక్. మన శుభలేఖ మీద, గడప మీద, కొత్త కారు మీద పసుపుతో వేసే గుర్తు అది, మనకి వేల ఏళ్ళ మంగళచిహ్నం, 2008 సమావేశంలో ఆ సంగతి కూడా స్పష్టంగా రాశారు. కానీ మీ అత్తగారి అమ్మమ్మ తరం చూసిన గుర్తు వేరు, అది నాజీలది. మీ నాన్నగారికి ముందే చెప్పు, వాళ్ళకి వెళ్ళే శుభలేఖ మీదా కళ్యాణ మండపం మీదా అది వద్దని, వినాయకుడి బొమ్మో పూర్ణకుంభమో సరిపోతుంది. ఎవరో పెద్దాయన ఎనభై ఏళ్ళ వయసులో నీ పెళ్ళికొచ్చి దాన్ని చూసి వణికిపోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

పెళ్ళి సంగతికొద్దాం. కన్సర్వేటివ్ రబ్బీలు ఇలాంటి పెళ్ళి చెయ్యకూడదని వాళ్ళ సంఘం నియమం, కాబట్టి మీ ఆయన చిన్నప్పటి రబ్బీ రాలేనంటే అవమానంగా తీసుకోవద్దు. రిఫార్మ్‌లో ఏ రబ్బీకి ఆ రబ్బీ సొంత నిర్ణయం. చేసేవాళ్ళలో కూడా చాలామంది, ఒకే మండపంలో పురోహితుడితో కలిసి చెయ్యరు, వేరువేరుగా అయితే సరే అంటారు. నా సలహా కూడా వేరుగానే, పొద్దున తెలుగు పెళ్ళి, సాయంత్రం హుప్పా అనే పందిరి కింద యూదు పెళ్ళి, లేదా రెండు రోజులు. కలిపి కలగాపులగం చేస్తే మీ నాయనమ్మకీ అర్థం కాదు వాళ్ళ తాతకీ అర్థం కాదు. విడిగా చేస్తే ఎవరి పెళ్ళి వాళ్ళకి నిండుగా ఉంటుంది, అతిథులు తమకి తెలియనిదాన్ని కూడా శ్రద్ధగా చూస్తారు. మనకి సప్తపది, వాళ్ళకి ఏడు దీవెనలు, పెళ్ళికూతురు వరుడి చుట్టూ ఏడుసార్లు తిరగడం, ఇవి చూసినప్పుడు రెండు కుటుంబాలూ వాటంతట అవే కలుస్తాయి, మనం కష్టపడి కలపక్కర్లేదు. కెటూబా అని పెళ్ళి పత్రం ఉంటుంది, సాక్షులు సంతకం చేస్తారు, పాత మాటలు ఇద్దరూ యూదులైతేనే పనికొస్తాయి కాబట్టి మీలాంటి జంటలకి వేరే మాటలతో రాయించుకుంటారు, చాలా అందంగా రంగులు వేసి ఇస్తారు, ఇంట్లో గోడకి పెట్టుకోవచ్చు. చివర్లో గ్లాసు కాలితో పగలగొడతారు, సంతోషంలో కూడా జెరూసలేం దేవాలయం కూలిన బాధ గుర్తుంచుకోవడానికి అని చెప్తారు. మనవాళ్ళు శుభకార్యంలో గాజు పగలడం అపశకునం అనుకుంటారు, అందుకే ముందుగా అమ్మకి చెప్పి ఉంచు, లేకపోతే ఆవిడ ముఖం మాడిపోతుంది.

ముహూర్తం దగ్గర జాగ్రత్త. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడే దాకా షబ్బాత్, ఆ టైమ్‌లో యూదు పెళ్ళి చెయ్యరు. మన ముహూర్తాల లెక్కలో శనివారం రాత్రి వస్తే పర్లేదు కానీ శనివారం పగలు కుదరదు. ఇంకా పెద్ద తేడా వైశాఖం. మనకి పెళ్ళిళ్ళకి అంతకంటే మంచి నెల ఉండదు కదా, వాళ్ళకి పాసోవర్ అనే వసంత పండగ నుంచి షావుఓత్ పండగ దాకా ఏడు వారాలు రోజులు లెక్కపెట్టే ఓమర్ అప్పుడే నడుస్తుంది, పద్ధతిగా ఉండేవాళ్ళు ఆ వారాల్లో చాలావరకు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. రిఫార్మ్ రబ్బీలు చాలామంది దీన్ని పట్టించుకోరు, కన్సర్వేటివ్ చుట్టాలు పట్టించుకోవచ్చు. వేసవిలో తొమ్మిదో ఆవ్ (ఆవ్ నెల తొమ్మిదో రోజు, జెరూసలేం దేవాలయం కూలినందుకు దుఃఖించే రోజు) ముందు మూడు వారాలు కూడా అంతే, అవి ఎక్కువసార్లు మన ఆషాఢం చివర్లో మొదలై శ్రావణం మొదటి రోజుల దాకా ఉంటాయి, కాబట్టి ఆషాఢం భాగం మనకి ఎలాగూ పోయినట్టే.

వంటిల్లు గురించి కొంచెం ఎక్కువే రాస్తా, రోజూ ఉండే గొడవ అదే. ముందు ఆయన్నీ అత్తగారినీ అడుగు, మీరు ఎంతవరకు పాటిస్తారు అని. కొంతమంది పంది మాంసం, రొయ్యలు తినకపోతే చాలంటారు, కొంతమంది పాలకీ మాంసానికీ వేరు గిన్నెలు వాడతారు, కొంతమంది కోషర్ (యూదుల ఆహార నియమాలకి సరిపోయినది) అన్న ముద్ర లేనిది కొనరు. మన కోస్తావాళ్ళకి రొయ్యలూ పీతలూ పోవడం నిజంగా కష్టమే. చేపలకి రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి, కొర్రమీను, పులస, బొచ్చె, శీలావతి అన్నీ సరిపోతాయి, జెల్లలూ వాలుగా పనికిరావు. మాంసం విషయంలో మనం గమనించనిది పెరుగు. చికెన్‌కి పెరుగు పట్టించడం, బిర్యానీలో నెయ్యి వెయ్యడం, చివర్లో పెరుగన్నం, మూడూ కోషర్‌కి విరుద్ధం, మాంసం తిన్నాక పాలు తాగడానికి కూడా కొంతమంది మూడు గంటలు కొంతమంది ఆరు గంటలు ఆగుతారు. నేను చికెన్‌కి కొబ్బరి పాలు, నిమ్మకాయ పట్టిస్తా, నూనెతో చేస్తా, ఎవరూ లోటు చెప్పలేదు. హలాల్ మాంసం కోషర్ కాదు, అది కూడా గుర్తుపెట్టుకో. పప్పు, పులుసు, కూరలు, పచ్చళ్ళు ఇవి పాలూ మాంసమూ ఏదీ కానివి, పారెవ్ అంటారు, దేనితోనైనా తినొచ్చు, నెయ్యి పోస్తే మాత్రం పాల వైపు వెళ్ళిపోతాయి. మీ అమ్మ పంపే ఆవకాయ మీ అత్తగారు ఏ భోజనంతోనైనా తినొచ్చు, ఒక జాడీ ఇవ్వు.

పాసోవర్ ఎనిమిది రోజులు మాత్రం వేరే లోకం. ముందు వారం సంక్రాంతికి ఇల్లు దులిపినట్టు మొత్తం దులిపి, గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ ఈ ఐదు ధాన్యాలతో పులిసిన ప్రతిదీ బయటికి పంపేస్తారు, దాన్ని హమేట్జ్ అంటారు. మన వంటింట్లో ఎవరూ అనుమానించని హమేట్జ్ ఇంగువ డబ్బా, మార్కెట్లో దొరికే ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు, లేబుల్ చూడు. అష్కనాజీలు వీటితో పాటు బియ్యం, పప్పులు, ఆవాలు కూడా ఆ వారం తినరు, కిట్నియోత్ అంటారు, అంటే ఇడ్లీ, అన్నం, పప్పు, పోపు అన్నీ పోతాయి. కన్సర్వేటివ్ శాఖ 2015లో ఇవి తినొచ్చని చెప్పింది, అయినా అలవాటు కొద్దీ చాలా ఇళ్ళలో తినరు, కాబట్టి అత్తగారి ఇంటికి పులిహోర చేసి పట్టుకెళ్ళే ముందు ఫోన్ చెయ్యి. నేనైతే ఆ వారం బంగాళదుంప వేపుడు, గుత్తి వంకాయ ఆవాలు మినప్పప్పు లేకుండా, కొబ్బరి పచ్చడి, గుడ్డు పులుసు చేస్తా. పాసోవర్ మొదలయ్యే సేడర్ రాత్రి అయితే నాకు ఏడాదిలో అన్నిటికంటే ఇష్టమైన భోజనం. అందరూ బల్ల చుట్టూ కూర్చుని ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడ్డ కథ హగ్గాదా అనే పుస్తకం చూసి చదువుతారు, అందరిలో చిన్నవాళ్ళు నాలుగు ప్రశ్నలు అడగాలి, చేదు కూర తినాలి, ఉప్పునీళ్ళలో ముంచి తినాలి, నాలుగు గ్లాసుల వైన్, దాచిపెట్టిన మట్జా (పులియని రొట్టె) ముక్క వెతికిన పిల్లలకి బహుమతి. ఉగాది అయిన రెండు వారాలకి, దాదాపు చైత్ర పౌర్ణమికే, ఇది వస్తుంది, అప్పుడే వేపపూత తిన్న పిల్లలకి చేదు ఎందుకు తింటారో విడిగా చెప్పక్కర్లేదు.

ఇలా తేదీలు దగ్గరగా రావడం ఊరికే కాదు. వాళ్ళ నెలలు కూడా మనలాగే అమావాస్య తర్వాత మొదలవుతాయి, మనకి అధికమాసం వచ్చినట్టు వాళ్ళకి పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు రెండో అదార్ నెల వస్తుంది. రోజు మాత్రం మనకి సూర్యోదయంతో, వాళ్ళకి సూర్యాస్తమయంతో మొదలు. అందువల్ల ఒక పేచీ ఉంది, ముందే తెలుసుకో: వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానా నాటికి మన శరన్నవరాత్రులు మొదలవుతాయి, పదో రోజు వాళ్ళ ప్రాయశ్చిత్త దినం యోం కిప్పూర్, మనకేమో విజయదశమి. 2022, 2024, 2025 మూడేళ్ళూ రెండూ ఒకే రోజు వచ్చాయి. ఒకటి కొత్త బట్టలూ పిండివంటలూ, ఇంకోటి నీళ్ళు కూడా తాగని పాతిక గంటల ఉపవాసం. అధికమాసాలు ఇద్దరికీ ఒకే ఏడాది రావు కాబట్టి కొన్నేళ్ళు, 2023లోనూ 2026లోనూ లాగా, నెల తేడా వచ్చి తేలికైపోతుంది. కలిసి వచ్చిన ఏడాది మా ఇంట్లో పగలంతా ఉపవాసం ఉన్నవాళ్ళని గౌరవించి వంటింట్లో ఘుమఘుమలు లేకుండా చూసుకుంటాం, నేను తెల్లవారుజామునే పూజ చేసుకుంటా, చీకటిపడ్డాక ఉపవాసం విడిచే భోజనంలో బేగెల్స్ పక్కన పులిహోర, చక్రపొంగలి పెడతాం. ఆ భోజనం మామూలుగానే పాలవైపు ఉంటుంది కాబట్టి చక్రపొంగలిలో నెయ్యి ఇబ్బంది కాదు.

శుక్రవారం సాయంత్రం గురించి ఒక్క మాట, ఇంకేమీ చెయ్యలేకపోయినా ఇది చెయ్యండి. సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని దీవెన చెప్పి, తర్వాత పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు, వైన్ మీద కిడ్డూష్ అనే దీవెన, ఉప్పు అద్దిన హల్లా రొట్టె, అంతే. యూదు మతంలో సగం పైన గుడిలో కాదు ఈ భోజనాల బల్ల మీదే జరుగుతుంది. నువ్వు శుక్రవారం సంధ్యవేళ లక్ష్మీదేవికి దీపం పెట్టుకునే పిల్లవే కదా, ఆ వేళ ఇల్లు సర్దుకుని స్నానం చేసి దీపం పెట్టడం నీకు కొత్త కాదు. ఆ ఒక్క రాత్రి ఫోన్లు పక్కన పెట్టి భోంచేసిన పిల్లలు ఎక్కడికెళ్ళినా శుక్రవారం ఇంటికి ఫోన్ చేస్తారు, ఇది నా పిల్లలతో నేను చూసిందే.

బిడ్డ పుట్టినప్పుడు రెండు విషయాలు. మగపిల్లాడైతే ఎనిమిదో రోజున బ్రిస్, మోహెల్ వచ్చి సున్తీ చేస్తాడు, బిడ్డకి పచ్చకామెర్లు లాంటివి ఉంటే తగ్గేదాకా ఆపుతారు. మన పెద్దవాళ్ళకి పురుడు పదిరోజులూ శుభకార్యం ఉండదు, పదకొండో రోజు తర్వాతే బారసాల, అందుకని అమ్మ "ఎనిమిదో రోజు నలుగురినీ పిలవడమేంటి" అంటుంది. మా ఇంట్లో బ్రిస్ ఎనిమిదో రోజే చేసి, బారసాల ఇరవై ఒకటో రోజు మా అమ్మ చేతుల మీదుగా ఉయ్యాల వేసి చేశాం, దేని నియమం దానిది. తల్లి యూదు కానప్పుడు ఆర్థడాక్స్ మోహెల్ చాలామంది రారు, రిఫార్మ్ వైపు డాక్టర్లే శిక్షణ తీసుకుని చేస్తారు, ఏడో నెలలోనే మాట్లాడి పెట్టుకోండి. రెండోది పేరు. అష్కనాజీలు బతికున్న పెద్దవాళ్ళ పేరు బిడ్డకి పెట్టరు, పోయినవాళ్ళ పేరే పెడతారు, బతికున్నవాళ్ళ పేరు పెడితే వాళ్ళ ఆయుష్షుకి మంచిది కాదని ఒక భయం. మనం తాతయ్య ఎదురుగా ఉండగానే ఆయన పేరు మనవడికి పెట్టుకుని మురిసిపోతాం. మీ నాన్నగారి పేరు పెట్టాలనుకుంటే అత్తగారికి ముందే చెప్పు, ఇది మా ఇంట్లో గౌరవం అని, ఆవిడ వాళ్ళ నాన్నగారి పేరు హీబ్రూ పేరుగా పెట్టుకోవచ్చు, పిల్లలకి హీబ్రూ పేరు విడిగా ఉంటుంది కాబట్టి ఇద్దరికీ చోటుంది.

పెళ్ళి ముందు చావు గురించి ఎవరూ మాట్లాడరు, అయినా చెప్పాలి. సంప్రదాయంగా యూదులు దహనం చెయ్యరు, వీలైనంత తొందరగా పూడుస్తారు, ఏడు రోజులు షివా అని ఇంట్లో కింద కూర్చుంటారు, నువ్వు పూలు తీసుకెళ్ళకు, భోజనం తీసుకెళ్ళు. తల్లిదండ్రులకి పదకొండు నెలలు కద్దిష్ అనే ప్రార్థన చెప్తారు, ఏటా తద్దినం మన తిథిలాగే హీబ్రూ నెల లెక్కన వస్తుంది. చాలా యూదు శ్మశానాల్లో యూదు కాని భార్యనో భర్తనో పక్కన పూడ్చనివ్వరు, రిఫార్మ్ వాళ్ళవి కొన్ని ఒప్పుకుంటాయి. నీకు దహనమే కావాలంటే అది కూడా ఆయనకి చెప్పి కాగితం మీద రాసి పెట్టండి, పిల్లల నెత్తిన పెట్టొద్దు.

ఇంకో విషయం మీ నాన్నగారి ముందు కాదు గానీ మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. 2018 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్‌లో షబ్బాత్ ప్రార్థనలో ఉన్న పదకొండు మందిని కాల్చి చంపారు. ఇప్పుడు చాలా సినగాగ్‌ల గేటు దగ్గర గార్డ్ ఉంటాడు. యూదుగా పెంచడం అంటే ఆ గేటు లోపలికి నీ బిడ్డని పంపడం, ఆ ద్వేషం ఎక్కడిదో బిడ్డకి చెప్పాల్సిన రోజు కూడా వస్తుంది. నేను ఒప్పుకున్నా, గర్వంగానే పంపా. నువ్వు కూడా తెలిసి ఒప్పుకోవాలి.

ఇప్పుడు చెయ్యాల్సింది, మీ ఆయనతో కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోండి: పిల్లల చదువు, బ్రిస్, ఇంట్లో కోషర్ ఎంతవరకు, పాసోవర్ దసరాలు ఎవరింట్లో. తర్వాతే ఇద్దరూ కలిసి అత్తగారి దగ్గరికి వెళ్ళండి, నువ్వు ఒక్కదానివే వెళ్ళి జవాబు చెప్పకు, వాళ్ళమ్మకి చెప్పాల్సింది ఆయనే, మీ నాన్నగారికి చెప్పాల్సింది నువ్వే. సిద్ధాంతి గారి దగ్గర ముహూర్తం ఖాయం చేసుకునే ముందే రబ్బీని వెతకండి, మంచివాళ్ళకి ఏడాది ముందే డేట్లు నిండిపోతాయి. సిద్ధాంతి గారిచ్చిన తేదీలు వచ్చాక నాకు పంపు, షబ్బాత్, ఓమర్, ఆ మూడు వారాలు అన్నీ పక్కన పెట్టుకుని ఏది రెండు వైపులా కుదురుతుందో చూసి చెప్తా.